అన్నం మానిన మనిషికి వేరే పొయ్యి ఎందుకు?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హనుమకొండ. మా ఆయనకు 44 ఏళ్లు. మొన్న టెస్టుల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.2 వచ్చింది. డాక్టర్ గోలీలు రాసి, అన్నం బాగా తగ్గించమన్నారు. ఆయన ఫోన్‌లో వీడియోలు చూసి అన్నం పూర్తిగా బంద్ చేశారు. పొద్దున కొర్రల ఉప్మా, రాత్రి నాలుగు జొన్న రొట్టెలు. అయినా తిన్న తర్వాత షుగర్ తగ్గడం లేదు. బాదం పిండి తెప్పించి రొట్టెలు చేస్తే పెనం మీదే ముక్కలవుతున్నాయి. పిల్లలకు (13, 8 ఏళ్లు) ఒక వంట, ఆయనకు ఒక వంట, మా అత్తమ్మకు ఒక వంట. అత్తమ్మ రోజూ ‘బువ్వ తినకుంటే మనిషి ఎట్ల బతుకుతడు’ అంటది. పిల్లలకు కూడా అన్నం మాన్పించాలా? బతుకమ్మ వస్తోంది, తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. బియ్యం, జొన్నల లాంటి గింజలు లేకుండా ఇంటిల్లిపాదికీ ఒకే వంట కుదురుతుందా? – ఒక చెల్లె

సమాధానం: చెల్లెమ్మా, కుదురుతుంది. మా ఇంట్లో కొన్నేళ్లుగా అదే నడుస్తోంది. అయితే వంట మాట తర్వాత, ముందు మీ ఆయన గోలీల చీటీ తీసి చూడు. అందులో గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి పేర్లున్నా, ఇన్సులిన్ ఉన్నా, తిండిలో పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. చల్లచెమటలు, చేతుల వణుకు, విపరీతమైన ఆకలి, మాట తడబడటం దాని గుర్తులు. షుగర్ మీటర్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా దవాఖానకు తీసుకుపోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే రకం గోలీలైతే లెక్క ఇంకోలా ఉంటుంది. వాటితో పాటు పిండిపదార్థం దాదాపు పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. అందుకని, ‘రాత్రి పూట గింజలు మానేద్దామనుకుంటున్నాం, గోలీలు మార్చాలా’ అని డాక్టర్‌ను ఒక్క మాట అడగండి. కిడ్నీల టెస్టు చేయించకపోతే అదీ చేయించండి. కూర, మాంసం ఎంత తినొచ్చన్నది దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఇక మీ ఆయన రొట్టెల సంగతి. ఆయన చేస్తున్నది మంచి మనసుతో చేస్తున్న తప్పు. ఒక్కసారి తూకం వేసి చూడు. మామూలుగా మనం తినే పెద్ద కంచెడు అన్నం 300 గ్రాములు ఉంటుంది. వండిన అన్నంలో 100 గ్రాములకు 28 గ్రాముల దాకా పిండిపదార్థం. అంటే కంచెడుకు 84. జొన్న రొట్టెకు ఒక్కోదానికి 50 గ్రాముల పైనే పిండి పడుతుంది, మీ అత్తమ్మ చేయి పెద్దదైతే 60. జొన్నపిండిలో 100 గ్రాములకు 65 గ్రాముల పైన పిండిపదార్థమే. నాలుగు రొట్టెలు కలిపితే ఎంత తక్కువ లెక్కేసినా 120 దాటుతుంది. ఆయన అన్నం మానేసి, అన్నం కన్నా ఎక్కువ తింటున్నారు! కొర్రలూ అంతే. పీచు ఎక్కువ, కాస్త మెల్లగా అరుగుతాయి, ఆ మంచి మాట నిజమే. కానీ కొర్రలూ, జొన్నలూ, సజ్జలూ, మక్కలూ అన్నీ గింజలే. 2025లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ సర్వే మీద వచ్చిన విశ్లేషణలో కూడా ఇదే తేలింది. మనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. మొత్తం తగ్గించకుండా బియ్యం బదులు గోధుమ, చిరుధాన్యాల పిండి పెట్టుకున్నంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనబడలేదు. జొన్న రొట్టె తినొద్దని కాదు చెల్లీ, ఒకటి తినమను. ఆ ఒక్కదాని చుట్టూ కూర నింపు.

దీనికి తిరగేసిన పొరపాటు ఇంకొకటుంది. గింజ కాదు కదా అని సగ్గుబియ్యం కిచిడీ, ఆలుగడ్డ, గెనుసుగడ్డ, ఉపవాసాలకు అమ్మే కుట్టు పిండి తెస్తారు. సగ్గుబియ్యం బియ్యం కాదు, నిజమే. కానీ పచ్చి సగ్గుబియ్యంలో 100 గ్రాములకు 85 గ్రాముల పైనే పిండిపదార్థం. గింజలు లేని తిండి వేరు, పిండిపదార్థం తక్కువ ఉన్న తిండి వేరు. మీ ఆయనకు కావలసింది రెండోది. పెసర్లు, శనగలు, కందిపప్పు మధ్యరకం. మాంసకృత్తులు బాగుంటాయి గానీ పిండిపదార్థం కూడా సగానికి సగం ఉంటుంది. పెసరట్టు ఒకటి పోసి, దాని మీద గుడ్డు కొట్టి ఇస్తే మంచి నాష్టా. నాలుగు పోస్తే మళ్లీ కథ మొదటికే.

మరి ఏం తినాలి అంటావా? నా అభిప్రాయం సూటిగా చెప్తా. అన్నంలాంటిది, రొట్టెలాంటిది వెతకడం మానెయ్. నీ శ్రమ, నీ డబ్బు, నీ కన్నీళ్లు అన్నీ అక్కడే పోతున్నాయి. మా ఆయనకు షుగర్ అని తెలిసిన కొత్తలో నేనూ అదే చేశాను. గోబీ పువ్వును తురిమి అన్నంలా వండొచ్చని ఎవరో చెబితే, బియ్యం కడిగినట్టు కడిగి, ఎసరు పోసి, మూత పెట్టాను. పావుగంటకు గంజిలాంటి ముద్ద, వీధి చివరి దాకా వాసన. మా ఆయన పాపం ఏమీ అనకుండా రెండు ముద్దలు తిని, ‘ఇయ్యాల ఆకలిగా లేదు’ అని లేచారు. రాత్రి పదకొండింటికి వంటింట్లో చప్పుడైతే పోయి చూశాను. బిస్కెట్ డబ్బా పట్టుకొని నిలబడి ఉన్నారు. (గోబీని తురిమి, చుక్క నీళ్లు పోయకుండా, వెడల్పు మూకుడులో పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించి, ఉప్పు చివర్లో వేస్తే బాగానే ఉంటుంది. అది నాకు ఆర్నెల్లకు గానీ తెలియలేదు. అయినా దాన్ని గోబీ వేపుడు అనే పిలుస్తాం, అన్నం అనం.)

మన కంచంలో అన్నం రాశి, పక్కన కూర అంచుకు. దీన్ని తిరగెయ్యి. కూర రాశి, అన్నం అంచుకు. రాత్రి అయితే అదీ వద్దు. ఇల్లంతటికీ ఒకటే వంట, మారేది కంచాలు మాత్రమే. ఉదాహరణకు మీరు ఐదుగురు కదా. రాత్రికి కిలో వంకాయల టమాట కూర, ఎనిమిది గుడ్ల పొరటు, పచ్చిపులుసు, పెరుగు అనుకో. మీ ఆయనకు రెండు గుడ్లంత పొరటు, పెద్ద గిన్నెడు వంకాయ కూర, మూకుడులో మిగిలిన గోకుడు కూడా ఆయనకే. బెల్లం వేయని పచ్చిపులుసు ఒక గ్లాసు, చివర్లో పెరుగులో తరిగిన కీరకాయ. పిల్లలకు అవే కూరలు, అన్నంతో. అత్తమ్మకు ఆమె బువ్వ ఆమెకే. పొయ్యి మీద అన్నం గిన్నె ఒక్కటే అదనం, అది కూడా చిన్నదవుతుంది. ఆదివారం చికెన్ తెస్తే ఐదుగురికి కిలోంపావు తీసుకో, ఆయన కంచంలో తునకలే అన్నం అనుకోవాలి కాబట్టి. మిగతా రోజుల్లో పుంటికూర, గంగవాయిలకూర, బచ్చలి, తోటకూర, బీరకాయ, పొట్లకాయ, కాకరకాయ, దొండకాయ, ఇవన్నీ కడుపునిండా పెట్టొచ్చు. ఇది వినడానికి తేలికే గానీ, కూర ఇదివరకటికి రెండింతలు తరగాలి. ఆ పని నువ్వొక్కదానివే చేయకు. పదమూడేళ్ల పిల్లకో పిల్లాడికో ఒక కత్తిపీట, కాదు, చాకు ఇవ్వు.

ఇక్కడ ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. మన కూరలు అన్నం కోసం వండినవి. అన్నంలో కలిపితే సరిపోవాలని ఉప్పు, కారం దట్టంగా వేస్తాం. అదే కూర గిన్నెడు ఉత్తగా తింటే నోరు మండుతుంది, ఉప్పు రెండింతలు లోపలికి పోతుంది, బీపీ ఉన్నవాళ్లకు అది ఇంకో తలనొప్పి. రెండోరోజే ‘నాతో కాదు’ అని మనుషులు మానేసేది చాలాసార్లు దీనివల్లే, అన్నం మీద బెంగతో కాదు. అందుకని ఉప్పు, కారం సగం వేసి వండు. అన్నంతో తినేవాళ్లు పక్కన తొక్కు కలుపుకుంటారు. కూర తెల్లగా కనబడితే తినబుద్ధి కాదంటావా, మన చపాట మిర్చి ఉంది కదా. టమాట మిర్చి అని కూడా అంటారు. లావుగా, ఎర్రగా ఉండి కారం తక్కువ ఉండే రకం. 2025లో వరంగల్ పేరు మీద దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. ఆ పొడి వేస్తే రంగు నిండుగా వస్తుంది, నాలుక కాలదు. కూర చిక్కబడటానికి శనగపిండి బదులు వేయించిన నువ్వులు, పల్లీల పొడి రెండు చెంచాలు వెయ్యి. బీరకాయలో నువ్వుల పొడి పడితే మీ పిల్లలు కూడా గిన్నె నాకుతారు.

బాదం రొట్టె ఎందుకు విరుగుతుందో కూడా చెప్తా. జొన్నపిండిని మరిగే నీళ్లతో ఎందుకు కలుపుతాం? ఆ వేడికి పిండిపదార్థం ఉడికి జిగురు పడుతుంది, అందుకే రొట్టె చేత్తో తట్టినా నిలుస్తుంది. బాదంలో ఆ పిండిపదార్థమూ లేదు, గోధుమలోని సాగే గుణమూ లేదు. ఉన్నదల్లా నూనె, మాంసకృత్తులు, పీచు. దేన్ని పట్టుకొని నిలవాలి అది? తప్పు నీ చేతిది కాదు. ఇసబ్గోల్ పొట్టో గుడ్డో కలిపితే నిలుస్తుంది. కానీ బాదం పిండి కిలో డబ్బులకు పల్లీలు ఐదారు కిలోలు వస్తాయి. మన దగ్గర పల్లీ ఉండగా బాదం మీద ఎందుకు పడాలో నాకు అర్థం కాదు.

ఆయనకు ఎప్పుడైనా కరకరలాడేది కావాలనిపిస్తే, పల్లీలతో సర్వపిండి చెయ్యి. మా వైపు గిన్నప్ప అంటాం. కప్పు పల్లీలను పొట్టుతోనే దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పు. వేడి మీద వేసినా, ఒకే బిగిన తిప్పినా నూనె తేలి ముద్దవుతుంది, ఇక దాంతో చట్నీయే. రవ్వలా ఉన్నప్పుడే ఆపు. అరకప్పు నువ్వులు సగం దంచి, సగం అలాగే వెయ్యి. ఆనిగెపుకాయ (సొరకాయ) తురుము ఒక కప్పు, చిటికెడు ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచి గట్టిగా పిండు. ఆ నీళ్లు పచ్చిపులుసులో పోసుకో. ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర నూరిన ముద్ద, కరివేపాకు, ఉల్లాకు సన్నగా తరిగి వెయ్యి. ఒక గుడ్డు, చెంచా ఇసబ్గోల్ పొట్టు వేసి కలిపి పది నిమిషాలు వదిలితే ముద్ద తనంతట తానే బిగుసుకుంటుంది. గుడ్డు తినరంటే పొట్టు రెండు చెంచాలు వేసి, కాసిని నీళ్లు చిలకరించు.

సర్వకు (గుండ్రటి అడుగున్న గిన్నెకు) లోపలంతా నూనె రాసి, ముద్దలో మూడో వంతు తీసుకొని అడుగున పల్చగా వత్తు. వేలితో అక్కడక్కడ గుంటలు పెట్టి, గుంటకో చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్న మంట మీద పన్నెండు, పదిహేను నిమిషాలు. బియ్యప్పిండి దానిలాగా అంచు తనంతట తాను లేస్తుందని చూస్తూ కూర్చోకు, లేవదు. వాసన పట్టుకోవాలి. వేగిన పల్లీ వాసన వచ్చి, మూత లోపలి చెమట ఆరిపోతే అయినట్టు. దించి, మూత తీసి, ఐదు నిమిషాలు ముట్టుకోకు. వేడి మీద గరిటె పెడితే ముక్కలే. చల్లారితే గట్టిపడి ఒక్కటిగా వస్తుంది. మొత్తం ముద్దకు మూడు గిన్నప్పలవుతాయి. పీచు లెక్క తీసేస్తే ఒక్కోదానిలో పిండిపదార్థం ఏడెనిమిది గ్రాములు. బియ్యప్పిండి ఒక్క కప్పులోనే నూరు గ్రాముల పైన ఉంటుంది. నేను రుచి ఒకటేనని అబద్ధం చెప్పను. బియ్యప్పిండి కరకర దీనికి రాదు. మా అత్తమ్మ మొదటిసారి తిని, ‘ఇది సర్వపిండి కాదు గానీ, ఇంకోటి పెట్టు’ అన్నది. ఒక మాట మాత్రం గుర్తుంచుకో, పల్లీల్లో నూనె ఎక్కువ, బలం ఎక్కువ. పూటకు ఒకటి చాలు, మూడూ ఆయనే తింటే బరువు మీద పడుతుంది.

పొద్దున నాష్టాకు ఇడ్లీలాంటిదీ, ఉప్మాలాంటిదీ వెతక్కు. రెండు ఉడికిన గుడ్లు, గుప్పెడు పల్లీలు, మజ్జిగ. లేదా రాత్రి మిగిలిన కూర వేడి చేసి మీద గుడ్డు. కూర పొద్దున్నే తినడం ఏమిటని మొదట నవ్వుతారు, వారానికి అలవాటవుతుంది. మధ్యాహ్నం ఆఫీసుకు డబ్బా పెడితే అందులో ఒక చిన్న గిన్నెడు అన్నం, నూరు గ్రాములు మించకుండా, ఉంచు. డాక్టర్ తగ్గించమన్నారే గానీ పూర్తిగా మానమనలేదు కదా. నలుగురిలో కూర్చొని తినే పూట ఆ పిడికెడు అన్నం ఉంటే మనిషికి తాను రోగిననిపించదు. కొన్నేళ్ల కింద మన దగ్గర ఊరూరా కొబ్బరినూనె డైట్ నడిచింది, గుర్తుందా? గ్లాసుల కొద్దీ నూనె తాగి నెలలో బరువు తగ్గినవాళ్లు మా చుట్టాల్లోనే నలుగురున్నారు. రెండో సంక్రాంతికి ఒక్కరూ ఆ దారిలో లేరు. ఏళ్ల తరబడి నడవాల్సిన వంట కాబట్టి ఇల్లు మోయగలిగినంతే ఎత్తుకోవాలి.

పిల్లల అన్నం జోలికి వెళ్లకు. ఎదిగే ఒళ్లు, పరుగెత్తే కాళ్లు, వాళ్లకు అన్నమూ రొట్టెలూ కావాలి. వాళ్ల కంచంలో కూర పెంచు, గుడ్డు పెంచు. మానాల్సింది ఏదైనా ఉంటే ఫ్రిజ్‌లోని కూల్‌డ్రింక్, స్కూలు నుంచి రాగానే తెరిచే చిప్స్ ప్యాకెట్. అవి ఇంట్లో లేకపోతే రాత్రి పదకొండింటికి మీ ఆయనకూ దొరకవు.

అత్తమ్మతో వాదన పెట్టుకోకు. ఆమె చెప్పేది తప్పు కాదు. నాట్లేసి, కలుపు తీసి వచ్చిన ఒంటికి కంచెడు బువ్వ ఎటు పోయేదో తెలిసేది కాదు. ఆమె కొడుకు పగలంతా కుర్చీలో ఉంటాడు, బండి మీద ఇంటికొస్తాడు. అది ఆమెకు నువ్వు చెబితే ఎక్కదు, మీటర్ చెబితే ఎక్కుతుంది. ఒకరోజు నాలుగు రొట్టెలు తిన్న రెండు గంటలకు, ఇంకోరోజు కూర గిన్నె, గుడ్లు తిన్న రెండు గంటలకు షుగర్ చూసి, ఆ రెండు అంకెలూ ఆమె ముందే క్యాలెండర్ మీద రాయి. ఆ తర్వాత చింతచిగురు మాంసం, గంగవాయిలకూర ఎట్లా వండేవాళ్లో ఆమెనే అడుగు. కొడుకు కడుపు నింపే పని ఆమె చేతికి వస్తే ‘బువ్వ’ మాట దానంతటదే తగ్గుతుంది.

బతుకమ్మకు టెన్షన్ పడకు. తొమ్మిది రోజుల్లో సద్దుల రోజే కష్టం. నువ్వులు, పల్లీలు, కొబ్బరి వేయించి పొడి చేసేటప్పుడు, చక్కెర కలపకముందే ఆయన వాటా వేరే గిన్నెలో తీసిపెట్టు. యాలకులు దంచి వేస్తే చాలు, కొబ్బరి తీపి కొబ్బరిదే. బెల్లం ఆరోగ్యం కదా అని దాన్ని మాత్రం కలపొద్దు. మేడారంలో అమ్మవార్లకు ఇచ్చేటప్పుడు అది బంగారం, మీ ఆయన రక్తంలోకి పోయాక చక్కెరే. సంక్రాంతి సకినాల దగ్గర కూడా బాదం సకినాలు అంటూ ప్రయోగాలకు పోకు. నానబెట్టి దంచిన తడి బియ్యప్పిండి కాబట్టే అది వేళ్ల మధ్య తిరుగుతుంది, ఇంకే పిండీ అట్లా తిరగదు. నిజమైన సకినం ఒకటి ఇవ్వు, రెండోది అడిగితే డబ్బా అత్తమ్మ గదిలో పెట్టు.

మిగిలిన బాదం పిండి పారెయ్యకు. కొర్రమీను ముక్కలకు ఉప్పు, పసుపు, చపాట కారం, అల్లంఎల్లిగడ్డ పట్టించి, గుడ్డు సొనలో ముంచి, ఆ పిండిలో దొర్లించి పెనం మీద కాల్చు. మంట సన్నగా పెట్టు, బాదం తొందరగా మాడుతుంది. నిమ్మకాయ పిండి, పక్కన ఉల్లిగడ్డ పెట్టి ఇస్తే ఆ పూట ఇంట్లో అన్నం గిన్నె ఎవరూ తెరవరు, ఒక్క అత్తమ్మ తప్ప.